శరణార్థి నుంచి శనార్తి దాకా: మంజీర తీరంలో పలకరింపు చరిత్ర

సంగారెడ్డి జిల్లా పడమటి సరిహద్దు బీదరు జిల్లాను తాకుతుంది. మంజీర నది ఆ జిల్లా మీదుగానే ఇటు ప్రవహిస్తుంది. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు సంస్కరణోద్యమం నడిపిన కల్యాణ పట్టణం (నేటి బసవకల్యాణ్) కూడా ఆ జిల్లాలోనిదే. శరణ సంప్రదాయంలో హరళయ్య కథ ప్రసిద్ధం. చెప్పులు కుట్టే హరళయ్య బసవేశ్వరుణ్ణి చూసి 'శరణు' అన్నాడు. మంత్రిపదవిలో ఉన్న బసవేశ్వరుడు 'శరణు శరణార్థి' అని బదులిచ్చాడు. తాను ఒక్క శరణు ఇస్తే రెండు తిరిగి వచ్చాయని, ఆ రుణం తీర్చుకోవడానికి హరళయ్య దంపతులు తమ చర్మంతో చెప్పులు కుట్టి సమర్పించారని ఐతిహ్యం. కులభేదాన్ని దాటి, ఇచ్చినదానికంటే మిన్నగా తిరిగి వచ్చిన పలకరింపు ఇది.

తెలంగాణ పల్లెల్లోని 'శనార్తి' ఈ శరణార్థి పదానికి వ్యావహారిక రూపం. రకారం లోపించి, ణకారం నకారంగా, థకారం తకారంగా మారడం ఈ ప్రాంత ఉచ్చారణకు సహజమే. వీరశైవ సమాజాలు జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాల్లో నేటికీ ఉండటం ఈ సంబంధాన్ని బలపరుస్తుంది. అయితే పదం నిలిచినా, దానిలోని పరస్పరత అంతటా నిలవలేదు. బావామరదుల మధ్య, వియ్యంకుల మధ్య శనార్తి ఇచ్చిపుచ్చుకునే మాటగానే మిగిలింది. దొర ఎదుట మాత్రం అది కింది నుంచి పైకి పోయే మాట. అదే మాట తిరిగి రాదు.

సర్వనామాల ప్రయోగాన్ని విశ్లేషిస్తూ రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో చూపిన తేడా సరిగ్గా ఇదే. ఇద్దరూ ఒకే రూపాన్ని వాడుకుంటే సంఘీభావం లేదా సమాన మర్యాద. ఒకరు ఒకటి ఇచ్చి వేరొకటి పుచ్చుకుంటే అధికారం. స్పానిష్‌లో 'తు' చనువుకు, 'ఉస్తెద్' మర్యాదకు చెందుతాయి. 'మీ కృప' అనే అర్థమున్న పదబంధం అరిగి 'ఉస్తెద్' అయింది. తెలుగులోని 'ఏలినవారు' ఆ కోవలోదే. ఇవి ఎదుటివారిని పైకెత్తే మాటలు. నిజాం కాలపు 'నీ బాంచెన్ కాల్మొక్త' అంతకు మించినది. బాంచ అంటే దాసి, బానిస. దానికి ఉత్తమపురుష ప్రత్యయం చేరితే 'బాంచెను'. ఇందులో ఎదుటివారి క్షేమం కోరడం లేదు, వారి గొప్పతనాన్ని వర్ణించడమూ లేదు. చెప్పేవాడు తానేమిటో ఒప్పుకోవడమే ఉంది. వ్యాకరణరీత్యా ఇది పలకరింపు కాదు, వాంగ్మూలం.

ఈ వాతావరణంలోనే నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో 1930లో మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తకు ఎదురైన అవమానం ఈ ఉద్యమానికి బీజం. తెలుగు మాట్లాడే హక్కుతో మొదలైన ఆ ఉద్యమం వెట్టిచాకిరీ వ్యతిరేకత దాకా సాగింది. సాయుధ పోరాట కాలానికి 'బాంచెన్' అనడం మానడమే తిరుగుబాటుకు గుర్తయింది.

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ తరువాత పారిశ్రామికవాడలు వచ్చాయి. వాటితో 'సార్', 'గుడ్ మార్నింగ్', 'నమస్తే' అనేవి పని సంబంధాల భాషలో స్థిరపడ్డాయి. కోస్తా నుంచి వచ్చినవారి చెవికి తెలంగాణ 'నువ్వు' మొరటుగా వినిపించింది. నిజానికి ఈ ప్రాంతంలో మర్యాద సర్వనామంలో కంటే 'అన్నా', 'అయ్యా', 'పటేలా' వంటి సంబోధనల్లోనే ఎక్కువగా ఉంటుంది. కవిత్రయ భారతంలో రాజులనూ 'నీవు' అనే సంబోధించారన్న సంగతి మరచి, ఈ 'నువ్వు'ను అనాగరికమనడం చరిత్ర తెలియని తీర్పు. ఉత్తరాది, ఒడిశా కార్మికులు పెరిగాక 'నమస్తే' మరింత అక్కరకొచ్చింది. అది ఏ కులానికీ, ఏ ఊరికీ అంటుకోని మాట. అందులో శనార్తిలోని ఆర్ద్రత లేదు. దాని వెనుక దొర నీడా లేదు.

తెలంగాణ ఉద్యమం తరువాత టెలివిజన్ వార్తా కార్యక్రమాల ద్వారా శనార్తి మళ్లీ వినిపిస్తున్నది, 'శనార్తులు' అనే బహువచన రూపంలో. ఒకప్పుడు ఒక్క దొరకు ఏకవచనంలో పెట్టిన మాట ఇప్పుడు ప్రేక్షకులందరికీ బహువచనంలో చేరుతున్నది. తెరకు ఇవతల ఉన్నవారు మాత్రం దానికి బదులు చెప్పే వీలు లేదు.