న్యూటన్ కొలతలో దాగిన అల

ఒక శృంగం నుంచి తరువాతి శృంగం దాకా ఉన్న దూరాన్ని తరంగదైర్ఘ్యం అంటాం. తాడును ఊపితే లేచే అలను స్కేలుతో కొలిచేయొచ్చు. మరి కంటికి అలలాగా కనబడని వెలుగును ఎట్లా కొలిచారు? నేను చదివి తెలుసుకున్న చరిత్ర ఇది.

ఇంగ్లండులో ఐజాక్ న్యూటన్ చదునైన గాజు మీద కొద్దిగా ఉబ్బిన కటకాన్ని ఆనించి పెట్టాడు. రెండింటి మధ్య సన్నని గాలిపొర మిగిలింది. పైనుంచి చూస్తే నడుమ నల్లని చుక్క, చుట్టూ రంగుల వలయాలు! అంత సన్నని పొర మందాన్ని నేరుగా కొలవడం కుదరదు. కానీ కటకం వంపు తెలుసు, వలయం వ్యాసం కొలవొచ్చు. వాటితో లెక్క కట్టి, మొదటి నల్ల వలయం దగ్గర గాలి మందం అంగుళంలో 89,000వ వంతు అని తేల్చాడు. 1704లో అచ్చయిన ‘ఆప్టిక్స్’లో ఈ లెక్క ఉంది. అయితే వెలుగు కణాల ప్రవాహమని ఆయన నమ్మకం. అందుకే దాన్ని అల పొడవుగా చూడలేదు.

దాదాపు వందేళ్ల తర్వాత, 1801లో థామస్ యంగ్ లండన్ రాయల్ సొసైటీలో చేసిన ప్రసంగానికి ఆ కొలతలనే తీసుకున్నాడు. గాలిపొర పై అంచు నుంచి ఒక అల, కింది అంచు నుంచి ఇంకొకటి వెనక్కి వస్తాయి. రెండోది పొరను రెండుసార్లు దాటాలి. మొదటి నల్ల వలయం దగ్గర ఆ అదనపు దూరం సరిగ్గా ఒక అల పొడవు. అప్పుడు వెలుగు పెరగాలి కదా అని అనుమానం రావొచ్చు. కింది గాజుకు తగిలి మరలిన అల తలకిందులవుతుంది కాబట్టి శృంగం మీద ద్రోణి పడి వెలుగు ఆరిపోతుంది. నడిమి చుక్క నలుపుకూ అదే కారణం.

న్యూటన్ అంకెను నేనూ రెట్టింపు చేసి చూశాను. 44,500వ వంతు వచ్చింది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు కనుక అది సుమారు 571 నానోమీటర్లు. పసుపు రంగు తరంగదైర్ఘ్యం ఇంచుమించు ఇంతే! యంగ్ ఎరుపుకు అంగుళంలో 36,000వ వంతు, ఊదాకు 60,000వ వంతు అని చెప్పాడు.

న్యూటన్‌కే ఎదురు చెబుతాడా అని 1803లో హెన్రీ బ్రౌమ్ ‘ఎడిన్‌బరో రివ్యూ’ పత్రికలో యంగ్‌ను ఎగతాళి చేశాడు. యంగ్ చేతిలో ఉన్నవి న్యూటన్ అంకెలే! 1819లో ఫ్రెనెల్‌కు ఫ్రెంచి అకాడమీ బహుమతి వచ్చాక గానీ తరంగ సిద్ధాంతానికి బలం రాలేదు.

న్యూటన్ తన నమ్మకానికి తగినట్టు అంకెలు దిద్ది ఉంటే యంగ్‌కు ఏమీ దొరికేది కాదు. మనం ప్రయోగశాల రికార్డులో కనబడిన రీడింగునే రాయాలని మాస్టారు ఎందుకంటారో దీనివల్ల నాకు అర్థమైంది.