పాత బాకీ, అదే గుమ్మం
(నగరం ప్రాంతంలో తనఖా అప్పుల చరిత్ర)

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. గుళ్ళ గురించీ గోపురాల గురించీ రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నా ఉద్యోగ జీవితమంతా తనఖా కాగితాల మధ్యనే గడిచింది కనుక ఆ కాగితాల సంగతే రాస్తున్నాను. అందులోనూ ఒక్క ప్రశ్ననే తీసుకుంటాను. అప్పు తీసుకుని వాయిదా తప్పిన రైతు, మళ్ళీ డబ్బు అవసరమై అదే ఋణదాత గుమ్మం ఎక్కితే అతనికి ఏమి జరిగేది? బల్లకు ఇవతల కూర్చున్న మనందరం ఆ మనిషిని చూసినవాళ్ళమే. తల వంచుకుని, చేతిసంచిలో పాసుపుస్తకం పెట్టుకుని, మధ్యాహ్నం రద్దీ తగ్గాక వచ్చేవాడు.

మామిడికుదురు మండలంలోని మన నగరం ఇప్పుడొక గ్రామం. 2014 జూన్ 27న జరిగిన గ్యాస్ పైపులైను ప్రమాదంతో దేశమంతటికీ తెలిసింది. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సర్కారు లెక్కలలో నగరం పేరుతో ఒక తాలూకాయే ఉండేది. వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఈ నేలను ఇంగ్లీషువారు నగరం ద్వీపం అన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినా వైనతేయ దాటితే గానీ ఆ నీరు ఇక్కడకు రాదు. హేగ్ అనే ఇంజనీరు పి.గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడెక్టు కట్టించి నీటిని నది మీదుగా దాటించారు. అప్పటినుంచే ఈ నేలకు ధర వచ్చింది. ధర ఉన్న నేల మీదే కదా ఎవరైనా అప్పిచ్చేది! కాలువతోపాటు తనఖా కూడా ఊళ్ళోకి వచ్చిందనడంలో తప్పులేదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తనఖాలలో రకాలను విడమరిచి చెప్పింది. ఊళ్ళో వాడుకలో మాత్రం ముఖ్యంగా రెండే ఉండేవి. భూమి రైతు చేతిలోనే ఉంచి వడ్డీ కట్టించుకునేది ఒకటి, భూమిని స్వాధీనం చేసుకుని వడ్డీ కింద ఫలసాయం అనుభవించేది రెండవది. డెల్టాలో అప్పిచ్చేవారు కేవలం వడ్డీ వ్యాపారులు కారు. పది ఎకరాలు ఎక్కువున్న రైతులు, ధాన్యం వర్తకులు కూడా ఇచ్చేవారు. బాకీ పడ్డవాడు మళ్ళీ వస్తే వారు కాదనేవారు కారు. ప్రామిసరీ నోటు మూడేళ్ళకు మురిగిపోతుంది గనుక, మూడేళ్ళు నిండకముందే పిలిచి నోటు తిరగరాయించేవారు. కట్టని వడ్డీ అసలులో కలిసేది. దానిపైన చేతికి మరి కొంత ఇచ్చి, నోటు కాస్తా తనఖా దస్తావేజు చేసేవారు. పాత బాకీదారుకు తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. అయితే ఎక్కిన ప్రతిసారీ చేనులో ఒక గట్టు తరిగేది. ఆ రోజుల్లో మనసులు మెత్తనివని చెప్పుకునేవారితో నేను ఏకీభవించలేను. తనఖా భూమి చేతిలో ఉండగా ఋణదాత బాకీదారును వదులుకోవలసిన అవసరమే లేదు.

1930 తరువాతి మాంద్యంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. బాకీ రూపాయలలో ఉంది, పంట బస్తాలలో ఉంది. అంటే ఒక్క కొత్త రూపాయి తీసుకోకుండానే రైతు అప్పు రెట్టింపు అయినట్టే. రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం ఈ పరిస్థితికి వచ్చిన జవాబు. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దయింది. అప్పటికే అసలుకు రెట్టింపు చెల్లించినవాడి అప్పు పూర్తిగా తీరినట్టే లెక్క. ఎందరికో భూమి దక్కింది. కానీ ఆ మరుసటి ఏడు విత్తనాలకు చేబదులు కావలసి వెళితే పాత ఋణదాత మొహం చాటేశాడు. చట్టం పాత బాకీని తగ్గించగలిగింది గానీ కొత్త అప్పు ఇప్పించలేకపోయింది. తరువాత వచ్చిన ప్రతి మాఫీ పథకమూ ఈ చిక్కులోనే పడింది.

ఆ ఖాళీని పూరించవలసినవి భూమి తనఖా బ్యాంకులు. మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు 1929లో ఏర్పడింది, 1934లో ప్రత్యేక చట్టం వచ్చింది. డిబెంచర్లు అమ్మి డబ్బు సమకూర్చి, ఇరవయ్యేళ్ళ గడువుతో, తక్కువ వడ్డీకి ఇచ్చేవారు. తొలినాళ్ళలో ఇచ్చిన ఋణాలలో ఎక్కువ భాగం బావులకూ ఎడ్లకూ కాదు, పాత అప్పులు తీర్చుకోవడానికే. అంటే షావుకారుకు బాకీ పడడం ఆ బ్యాంకు దృష్టిలో అనర్హత కాదు, అర్హత! తనకే బాకీ పడినవాడి విషయం మాత్రం వేరు. కోర్టుకు వెళ్ళకుండానే భూమి అమ్మించుకునే అధికారం చట్టం ఇచ్చింది. వాయిదా మీరినవాడికి కొత్త ఋణం లేదన్నది నిబంధన. షావుకారు లెక్కలో మనిషి ఉన్నాడు, దయ లేదు. బ్యాంకు లెక్కలో వడ్డీ న్యాయంగా ఉంది, మనిషి కనబడడు. 1951-52 గ్రామీణ పరపతి సర్వేలో సహకార సంఘాలు రైతుకు అందించిన అప్పు నూటికి 3.1 వంతులేనని తేలింది. వడ్డీకిచ్చేవారి వాటా సుమారు 70. ఆ అంకెల వెనుక ఈ నిబంధన పాత్ర కూడా కొంత ఉందని నా అభిప్రాయం.

తనఖా బ్యాంకులు భూమి అభివృద్ధి బ్యాంకులయ్యాయి. 1969లో, 1980లో వాణిజ్య బ్యాంకులు జాతీయమయ్యాయి. 1987లో మన రాష్ట్రంలో స్వల్పకాలిక, దీర్ఘకాలిక ఋణ సంస్థలను కలిపి సింగిల్ విండో పెట్టారు. ఇవన్నీ మన సభ్యులకు తెలిసినవే. అంతగా గుర్తుండనిది 1989 ఏప్రిల్‌లో వచ్చిన సర్వీస్ ఏరియా విధానం. ప్రతి గ్రామాన్నీ ఒక బ్యాంకు శాఖకు కేటాయించారు. ఉద్దేశం మంచిదే. కానీ దానితో బాకీదారుకు ఇంకో గుమ్మం లేకుండా పోయింది. పక్క ఊరి శాఖ, నీ ఊరు మాది కాదనేది. అసలు దస్తావేజులు మొదటి శాఖ బీరువాలో ఉండగా రెండోవాడు ఇచ్చేదీ లేదు. నిజానికి తనఖా అంటేనే ఇది. భూమి ఎవరి దగ్గర ఉందో, భూమి మీద అవసరం వచ్చినప్పుడు వాడి దగ్గరకే పోవాలి. 2004 డిసెంబరులో గానీ రిజర్వు బ్యాంకు ఆ కట్టుబాటు సడలించలేదు.

1990లో పది వేల రూపాయల వరకు బాకీల మాఫీ వచ్చింది. 1989 అక్టోబరు 2 నాటికి గడువు మీరిన బాకీలకే అది వర్తించింది. శక్తి ఉండీ ఎగ్గొట్టినవారికి లేదన్నారు. శక్తి ఉందో లేదో తేల్చవలసింది మనమే. క్రమం తప్పక కట్టినవారు మన బల్ల ముందు నిలబడి, "మేము కట్టడం తప్పా?" అని అడిగిన ప్రశ్నకు మనలో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

తరువాత 1996 నవంబరు 6 రాత్రి. వెయ్యిమందికి పైగా పోయారు. కోతకు సిద్ధమైన సార్వా వరి నేలకు అంటుకుపోయింది. కొబ్బరితోటలు మొదళ్ళతో సహా పడిపోయాయి. ప్రకృతి వైపరీత్యానికి అప్పట్లో రిజర్వు బ్యాంకు సూత్రం ఒకటుండేది. పంట ఋణాన్ని మూడు నుంచి ఐదేళ్ళ ఋణంగా మార్చి, దాన్ని బాకీగా చూడకుండా కొత్త పంట ఋణం ఇవ్వాలి. వరికి ఇది బాగానే సరిపోతుంది. కొబ్బరికి సరిపోదు. మన దేశవాళీ పొడుగు రకం నాటిన ఆరేడేళ్ళకు గానీ కాపుకు రాదు. వాయిదా నాలుగో ఏట వస్తే చెట్టు ఇంకా గెల వేయదు. పైగా తుపాను నాటికే గడువు మీరి ఉన్న బాకీకి ఆ వెసులుబాటు వర్తించదు.

ఆ మరుసటి వేసవిలో ఒక రైతు వచ్చారు. ఊరూ పేరూ అనవసరం. రెండెకరాల తోట మా శాఖకే తనఖాలో ఉంది, రెండు వాయిదాలు తుపానుకు ముందే తప్పాయి. నూటికి అరవై చెట్లు పడిపోయాయి. కొత్త మొక్కలకు ఋణం కావాలన్నారు. "పాతది కడితేనే కొత్తది బాబాయ్" అన్నాను. అంతకంటే నాకు అధికారం లేదు. "చెట్లు నిలబడి ఉన్నప్పుడు కట్టలేకపోయానని, పడిపోయాక కట్టమంటున్నావురా అబ్బాయ్" అన్నారాయన. పదిహేను రోజులకు రాజోలులో ఎవరి దగ్గరో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పాత బాకీ జమ చేశారు. మరో ఇరవై రోజులకు కొత్త ఋణం మంజూరైంది. అందులో పెద్ద భాగం రాజోలు వెళ్ళింది, మొక్కలకు మిగిలింది తక్కువ. మా శాఖ పుస్తకాలలో మాత్రం ఆ ఏడు వసూళ్ళ శాతం పెరిగింది. మార్చి నెలాఖరున ఇలాంటి సర్దుబాట్లు ఎన్ని చూశామో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. షావుకారు బహిరంగంగా నోటు తిరగరాసేవాడు. మనం అదే పనిని మధ్యలో ఇంకొక షావుకారును పెట్టి చేయించాం.

2008 మాఫీని రాసినవారు ఈ విషయం కొంత గ్రహించినట్టున్నారు. రెండు హెక్టార్ల లోపు రైతుకు మాఫీ అయిన వెంటనే కొత్త ఋణానికి అర్హత ఉందని స్పష్టంగా రాశారు. పెద్ద రైతు నూటికి 75 వంతులు కడితే 25 వంతుల రాయితీ. తన వాటాలో మూడో వంతు కట్టగానే పంట ఋణం పొందవచ్చు. 1938లో లేని మాట ఇది. అయినా 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దానిపై ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చింది. అప్పు దొరకడమొక్కటే సమస్య కాదని, పండించినది గిట్టుబాటు కావాలని ఆ విరామం చెప్పింది. ఆ చర్చ వేరు.

ఇప్పుడు బల్లకు ఇవతల మనం లేము. 2000లో ఏర్పడిన సిబిల్, 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టం వచ్చాక బాకీ చరిత్ర కనీసం ఏడేళ్ళపాటు కంప్యూటరులో ఉంటుంది. రాజీ కుదుర్చుకుని తగ్గించి కట్టినా, పూర్తిగా తీర్చినట్టు కాక "సెటిల్డ్" అనే నమోదవుతుంది. కొడుకు ఇంటి ఋణానికి తండ్రి సహ ఋణగ్రహీతగా సంతకం పెట్టబోతే ఆ మాట అడ్డు వస్తోంది. ఏ సంవత్సరం బాకీ పడ్డాడో తెరమీద కనిపిస్తుంది గానీ, ఆ సంవత్సరం తుపాను వచ్చిందా అన్నది కనిపించదు. ఇంకొక పక్క, 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించకుండా మినహాయించారు. ఇల్లు తనఖా పెట్టినవాడికి ఆ రక్షణ లేదు. ఒకే కుటుంబంలో తండ్రి చేను ఒక న్యాయం కింద, కొడుకు ఇల్లు మరో న్యాయం కింద ఉన్నాయి.

2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు రాజీ పరిష్కారాలపై ఒక సర్క్యులర్ ఇచ్చింది. రాజీ పడ్డ బాకీదారుకు కనీసం 12 నెలలు గడిచాకే తిరిగి ఋణం ఇవ్వవచ్చునన్నది. వ్యవసాయ ఋణాలకు ఆ వ్యవధిని ఆయా బ్యాంకుల పాలక మండళ్ళే నిర్ణయించుకోవాలని వదిలిపెట్టింది. కొబ్బరి మొక్క ఆరేడేళ్ళు తీసుకుంటుందన్న సంగతి ఆ మండళ్ళలో ఎవరో ఒకరు చెప్పవలసి ఉంది. సభ్యుల ఇళ్ళల్లో పాత భూమి తనఖా బ్యాంకు దస్తావేజులు, పాసుపుస్తకాలు, వేలం నోటీసులు ఏవైనా మిగిలి ఉంటే దయచేసి సంఘ కార్యాలయానికి నకళ్ళు పంపండి. చెదలు పట్టకముందే వాటిని ఒకచోట చేర్చాలని నా కోరిక.