పేదింటి విద్యార్థికి ప్లేటో ఎందుకు? పాఠశాలల ముంగిటకు మానవీయ శాస్త్రాలు

న్యూయార్క్ నగరంలోని అల్పాదాయ కుటుంబాలకు చెందిన ఉన్నత పాఠశాల విద్యార్థులను కొలంబియా విశ్వవిద్యాలయం ఏటా వేసవిలో తన ప్రాంగణానికి పిలిచి ప్లేటో, అరిస్టాటిల్, హాబ్స్, లాక్ రచనలను చదివిస్తోంది. 2009లో ప్రారంభమైన ఈ కార్యక్రమం పేరు ‘ఫ్రీడమ్ అండ్ సిటిజన్‌షిప్’. ఇది పరీక్షల కోచింగ్ కాదు; ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ అంతకన్నా కాదు. ఆ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థులు తప్పనిసరిగా చదవవలసిన గ్రంథాల్లో కొన్నింటిని, కళాశాల మెట్లెక్కినవారే లేని కుటుంబాల పిల్లల చేతుల్లోనూ పెట్టడం దీని ప్రత్యేకత.

విశ్వవిద్యాలయాలు పాఠశాల విద్యార్థుల వద్దకు వెళ్లడం కొత్తేమీ కాదు. అయితే ఆ ప్రయత్నాల్లో అధిక భాగం విజ్ఞాన శాస్త్రం, ఇంజినీరింగ్, వైద్యం చుట్టూ తిరుగుతాయి. సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం, భాషాశాస్త్రం, కళలను పేద విద్యార్థులకు పరిచయం చేసేవి తక్కువ. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పేదింటి బిడ్డకు త్వరగా కూడు పెట్టే చదువే కావాలని, సోక్రటీసు కడుపు నిండినవారి వ్యాపకమని కుటుంబాలే కాదు, ప్రభుత్వాలూ భావిస్తాయి. ఈ భావనను సూటిగా ఎదిరించినవారిలో అమెరికన్ రచయిత ఎర్ల్ షోరిస్ ముఖ్యుడు.

అమెరికాలోని పేదరికంపై పుస్తకం రాస్తున్న రోజుల్లో షోరిస్, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక మహిళా కారాగారానికి వెళ్లి, జనం పేదలుగా ఎందుకు ఉండిపోతున్నారని ఒక ఖైదీని అడిగారు. ఆమె డబ్బు ప్రస్తావన గానీ, ఉద్యోగాల ప్రస్తావన గానీ తేలేదు. నాటకశాలలు, మ్యూజియంలు, కచేరీలు, ఉపన్యాసాలు నిండిన నగర జీవితాన్ని పేదల పిల్లలకూ చూపించాలని చెప్పారు. ఆ మాటను పట్టుకుని ఆయన 1995లో మన్‌హట్టన్‌లోని రాబర్టో క్లెమెంటే కుటుంబ మార్గదర్శక కేంద్రంలో ఒక తరగతిని ప్రారంభించారు. తరువాత అది ‘క్లెమెంటే కోర్సు’గా ప్రసిద్ధమైంది. నైతిక తత్త్వం, సాహిత్యం, కళా చరిత్ర, అమెరికా చరిత్ర, తర్కం అందులోని పాఠ్యాంశాలు. విద్యార్థులు బడి వయసు దాటిన పేద యువతీ యువకులు. పాఠం ఉచితమైనా దారి ఖర్చులు ఉచితం కావు గనుక వారికి సబ్‌వే టోకెన్లు కూడా ఇచ్చారు. సుమారు ముప్పై మందితో మొదలైన తొలి తరగతిలో సగం మందే చివరిదాకా నిలిచారు. ఆ నిలిచినవారిలో ఎక్కువ మంది ఏడాది తిరిగేసరికి కళాశాలల్లోనో నర్సింగ్ విద్యలోనో చేరారు.

షోరిస్ వాదన జాలి మీద గానీ, సంస్కారం నేర్పాలన్న ఉబలాటం మీద గానీ నిలిచింది కాదు. అద్దె, జబ్బు, పోలీసులు, ఆకలి చుట్టుముట్టిన మనిషి ప్రతిదానికీ అప్పటికప్పుడు స్పందించడమే తప్ప ఆలోచించే వ్యవధి పొందలేడని ఆయన గమనించారు. ఆ వ్యవధిని ఇచ్చేవి మానవీయ శాస్త్రాలని, వాటి ద్వారానే పేదలు పౌరజీవితంలోకి, గ్రీకుల అర్థంలో రాజకీయాల్లోకి, అడుగుపెట్టగలరని ఆయన విశ్వాసం. షోరిస్ 2012లో మరణించారు. క్లెమెంటే కోర్సుకు 2014 సంవత్సరపు అమెరికా జాతీయ మానవీయ శాస్త్రాల పతకం లభించింది.

పెద్దల కోసం పుట్టిన ఆ ఆలోచనకు బడి వయసు పిల్లల్లో సాటి రాగలది కొలంబియా కార్యక్రమం. దీని రూపకర్తల్లో ఒకరైన రూజ్‌వెల్ట్ మోంటాస్ స్వయంగా ఈ మార్గంలో వచ్చినవారు. డొమినికన్ రిపబ్లిక్ నుంచి 1985లో, పన్నెండేళ్లయినా నిండకుండా, ఇంగ్లిషు రాకుండా న్యూయార్క్ చేరిన ఆయనకు పొరుగువారు పారవేసిన పుస్తకాల్లో ప్లేటో సంవాదాల సంపుటి ఒకటి దొరికింది. తరువాత ఆయన కొలంబియాలోనే చదివి, అక్కడి ఉమ్మడి మూలగ్రంథ పఠన విభాగానికి పదేళ్లు సారథ్యం వహించారు. ‘రెస్క్యూయింగ్ సోక్రటీస్’ అనే పుస్తకంలో (2021) ఈ ప్రయాణాన్ని వివరించారు.

కార్యక్రమం నడిచే తీరు గమనించదగినది. సుమారు పదిహేను మంది విద్యార్థులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆచార్యుడు ఉపన్యసించడు, ముందురోజు చదివి వచ్చిన పాఠం మీద ప్రశ్న వేసి వింటాడు. న్యాయం అంటే ఏమిటి, చట్టాన్ని ఎందుకు పాటించాలి, స్వేచ్ఛ ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అనే ప్రశ్నలు ఏథెన్సులో మొదలై అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, ఫ్రెడరిక్ డగ్లస్, మార్టిన్ లూథర్ కింగ్ రచనల దాకా సాగుతాయి. వేసవితో బంధం తెగిపోదు. పాఠశాల చివరి ఏడాది పొడవునా కొలంబియా విద్యార్థులే వారికి మార్గదర్శకులుగా ఉండి, ఒక సమకాలీన ప్రజాసమస్యపై పరిశోధన చేయిస్తారు. కళాశాల దరఖాస్తుల్లో తోడ్పడతారు. అసలు ఫలం బహుశా ఈ ఏడాది సాంగత్యంలోనే ఉంది. మూడు వారాల శిబిరం ఎంత గొప్పదైనా ఆరు నెలల తరువాత ఒక జ్ఞాపకంగానే మిగులుతుంది.

వీరంతా తత్త్వశాస్త్రమే చదవాలన్న నియమం లేదు. వైద్యంలో చేరినా, వాణిజ్యంలో చేరినా కార్యక్రమం విఫలమైనట్లు ఎవరూ భావించరు.

విమర్శలూ ఉన్నాయి. స్వయంగా దరఖాస్తు చేసుకునే విద్యార్థి అప్పటికే చురుకైనవాడు గనుక, తరువాతి విజయంలో కార్యక్రమం వాటా ఎంతో తేల్చడం కష్టం. గ్రీకు, ఐరోపా గ్రంథాలకే ఇంత పీట ఎందుకన్నది రెండో ప్రశ్న. దీనికి షోరిస్ ఆచరణలోనే జవాబిచ్చారు. మెక్సికోలోని యుకటాన్‌లో మాయా భాషా సాహిత్యాలతోను, అలాస్కాలో అక్కడి మూలవాసుల సంస్కృతితోను కోర్సును మలిచారు. మనిషి తన భాషలో ఆలోచించే హక్కును కూడా మానవీయ శాస్త్రాల్లో భాగంగానే ఆయన చూశారు.

బ్రిటన్‌లో ఇదే పని చట్టం అండతో సాగింది. సటన్ ట్రస్టు 1997లో ఆక్స్‌ఫర్డ్‌లో వేసవి పాఠశాలను ప్రారంభించింది. 2004 నాటి ఉన్నత విద్యా చట్టం తరువాత, ఇంగ్లండులో అధిక ఫీజు వసూలు చేయదలచిన విశ్వవిద్యాలయాలు వెనుకబడిన వర్గాల ప్రవేశానికి ఏమి చేస్తాయో లిఖితపూర్వకంగా హామీ ఇవ్వవలసి వచ్చింది. 2011లో ఏర్పడిన ‘బ్రిలియంట్ క్లబ్’ పీహెచ్‌డీ పరిశోధకులను పాఠశాలలకు పంపి, చిన్న బృందాలకు తమ పరిశోధనాంశాన్నే బోధింపజేస్తోంది. కేంబ్రిడ్జి 2022లో కళలు, మానవీయ, సామాజిక శాస్త్రాల కోసం ఏడాది ఉచిత పునాది కోర్సును మొదలుపెట్టింది. విచిత్రమేమంటే, ఈ తలుపులు తెరుచుకుంటున్న కాలంలోనే, 2021లో, ఇంగ్లండులో దృశ్య, ప్రదర్శన కళల కోర్సులకు ఇచ్చే ప్రత్యేక గ్రాంటులో సగం కోత పడింది.

కొలంబియాతో భారతదేశానికి ఒక పాత బంధం ఉంది. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో అక్కడ చేరిన అంబేడ్కర్, అర్థశాస్త్రంతో పాటు చరిత్ర, సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం చదివారు. జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. అయినా నేటి మన పథకాల మొగ్గు మరోవైపే. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో ప్రారంభించిన ‘ఇన్‌స్పైర్’, పదో తరగతిలో అగ్రశ్రేణిలో నిలిచి సైన్సు ఎంచుకున్నవారిని శిబిరాలకు పిలిచి శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తుంది. చరిత్రకారుడితోనో భాషావేత్తతోనో మాట్లాడించే ఆ స్థాయి పథకం లేదు. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల ప్రతిభావంతుల కోసం ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల ద్వారా వేలాది పేద కుటుంబాల జాతకం మార్చింది. అది తెరిచిన ద్వారమూ ఇంజినీరింగే.

తెలుగు రాష్ట్రాల్లో పదిహేనేళ్లకే ఎంపీసీ, బైపీసీల మధ్య దారి తేలిపోతుంది. అనేక ప్రైవేటు జూనియర్ కళాశాలల్లో హెచ్‌ఈసీ గ్రూపే కనిపించదు. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ విజ్ఞాన శాస్త్రాలకూ మధ్య గోడ ఉండరాదని చెప్పినా, గ్రూపుల పద్ధతిలో ఆ గోడ చెక్కుచెదరలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరువాత నేరుగా చేరగల ఐదేళ్ల ఎంఏ కోర్సులున్నాయి. మారుమూల జిల్లా పరిషత్ పాఠశాలకు ఆ వార్త చేరాలంటే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఎవరో ఒకరు వెళ్లాలి. వెళ్లేవారు ప్లేటోతోనే మొదలుపెట్టనక్కరలేదు. కాశీలోని శివుడికి గబ్బిలంతో విన్నపం పంపే అస్పృశ్యుడి కథను జాషువా 1941లోనే తెలుగులో రాశారు. అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ అంతకు ఐదేళ్ల ముందే వెలువడింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పదిహేను మంది పిల్లలతో చదివించడానికి ఒక గది, ఒక బల్ల, పాఠం చదివి వచ్చిన ఒక గురువు చాలు.