తెలుగు పత్రికయు లినక్స్ కంప్యూటరును

అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. వేరుసెనగ విత్తిన రైతు వాన కబురుకై చెవియొగ్గి యుండు సీమ ఇది. 2000 తరువాతి తొలి యేండ్లలో ఆ కబురు తెలుగు దినపత్రికల వెబ్ పుటలలోను వచ్చుచుండెను. కాని ఆ పుటను లినక్స్ కంప్యూటరులో తెరచినచో ‘వర్షం’ అను మాట ఉండవలసిన చోట లాటిను అక్షరములు, వింత గుర్తులు కలగాపులగముగా కనబడెడివి. వెలలేకుండ లభించు లినక్స్, బడులకును, చిన్న కార్యాలయములకును అనుకూలమైనది. అందులోనే తెలుగు చదువుటకు వీలులేకపోయెను.

కారణమేమి? కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. నాటి ఫాంటులలో సాధారణముగా 256 గళ్ళు మాత్రమే ఉండెడివి. అందు లాటిను అక్షరముల గళ్ళలో తెలుగు ముక్కలను, అనగా తలకట్టును, గుడిని, ఒత్తులను కూర్చి పత్రికలవారు పని గడుపుకొనిరి. పుటలో నిజముగా ఉన్నది లాటిను సంకేతము. ఫాంటు దానికి తెలుగు ముసుగు వేయును. ఈనాడు కూర్పు వేరు, వార్త కూర్పు వేరు. ఫాంటు పుటతోపాటే వచ్చునట్లు మైక్రోసాఫ్ట్ ఒక పద్ధతిని, బిట్‌స్ట్రీమ్ మరియొక పద్ధతిని కల్పించినవి. మొదటిది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు చెందినది. ఆ బ్రౌజరు లినక్స్‌లో లేదు. రెండవది నెట్‌స్కేప్‌లో ఉండెను గాని, దాని వారసుడగు మొజిల్లాలో లేదు.

ఇందుకు పత్రికలను తప్పుపట్టరాదు. తెలుగుకు 3072 మొదలు 3199 వరకు గల సంఖ్యలను కేటాయించిన యూనికోడ్ 1991లోనే వెలువడినను (లినక్స్ పుట్టినదియు ఆ యేడే), విండోస్‌లో తెలుగు సరిగా కనబడుటకు 2001లో ఎక్స్‌పీ రావలసి వచ్చెను. దినపత్రిక పదేండ్లు ఆగలేదు కదా!

యూనికోడ్‌లో ‘వర్షం’ అనగా ఐదు సంఖ్యలు: వ 3125, ర 3120, పొల్లు 3149, ష 3127, సున్న 3074. పొల్లును, ‘ష’ను కలిపి ‘ర’ క్రింద ఒత్తుగా దింపుట కంప్యూటరు పని. లినక్స్‌లో ఈ పనిని ‘పాంగో’ అను సాధనము చేయును. ఫైర్‌ఫాక్స్ తొలి కూర్పులు కొన్నింటిలో దానిని వాడుమని ప్రత్యేకముగా ఆదేశింపవలసి యుండెడిది. లేనిచో ఒత్తులు విడివిడిగా పడెడివి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చిన పిదప ఆ బెడద తగ్గెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000 వంటి ఉచిత యూనికోడ్ ఫాంటులును లభించెను.

కాని పత్రికలోని పాఠమే యూనికోడ్‌లో లేనప్పుడు పాంగో ఏమి చేయగలదు? ఇచట అక్కరకు వచ్చినది ‘పద్మ’. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభించిన వెన్న నాగార్జున దీనిని ఫైర్‌ఫాక్స్‌కు తగిలించు పొడిగింపుగా నిర్మించెను. ఇది పుటలోని ఫాంటు పేరునుబట్టి పత్రికను గుర్తించి, ఆ పత్రిక పట్టిక ప్రకారము పాఠమును యూనికోడ్‌లోనికి మార్చును.

వినుటకు సులభమే, చేయుట కష్టము. ‘స్త్రీ’ అను మాటను చూడుడు. ఫాంటులో ‘సీ’ రూపము ముందు, తవత్తు, రవత్తు తరువాత ఉండును. యూనికోడ్ ఉచ్చారణ క్రమమును పాటించును: స, పొల్లు, త, పొల్లు, ర, చివరకు గుడిదీర్ఘము. కావున ఒక్కొక్క ముక్కను మార్చిన చాలదు. అక్షరమంతటిని విప్పి తిరిగి పేర్చవలెను. పద్మ బ్రౌజరులోపలనే పనిచేయుటచే, విండోస్ అయినను లినక్స్ అయినను దానికి ఒకటే. తరువాత మలయాళము, తమిళము వంటి భాషలకును దీనిని విస్తరించిరి. మరియొక లాభము: పుటలో ‘వర్షం’ అని వెదకిన దొరకుట. ముసుగు పాఠములో అది అసాధ్యము.

క్రమముగా పత్రికలు యూనికోడ్‌కు మారినవి. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాతరకపు పొడిగింపులను నిలిపివేసెను. వానితో పద్మ పాత రూపమును ఆగిపోయెను. అయినను 2002 కరవునాటి పత్రికాపుటను ఎవరైన దాచియుంచి నేడు తెరచినచో, ఆ లాటిను గుర్తులే ఎదురగును. వానిని తెలుగు చేయుటకు నాటి పట్టికయే కావలెను. ఒక పత్రిక పట్టిక వేరొక పత్రికకు పనికిరాదు.