అక్షరములు నిలువని బాలురు

1896వ సంవత్సరము నవంబరులో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు పదునాలుగేండ్ల బాలునొకనిగూర్చి బ్రిటిషు వైద్య పత్రికలో వ్రాసెను. బాలుడు చురుకైనవాడు, ఆటలలో తోడివారికి తీసిపోడు, బీజగణితపు లెక్కలు చేయగలడు. ఏడవ యేటినుండి చదువు చెప్పించుచున్నను చిన్న మాటలైనను చదువలేకుండెను. తన పేరునే అక్షరములు తారుమారుచేసి వ్రాసెను. పాఠమంతయు నోటిమాటగానే సాగినచో బడిలో వీనిని మించినవాడుండడని వాని ఉపాధ్యాయుడు చెప్పెనట. చదువురానివాడెల్ల మందబుద్ధి కాడని వైద్యులు బాలుర విషయమున పలికిన తొలి పలుకులలో నిది యొకటి.

అంతకుముందే జర్మనీలో కుస్మాల్ 1877లో ‘పదాంధత్వము’ అనియు, బెర్లిన్ 1887లో ‘డిస్లెక్సియా’ అనియు పేర్లు పెట్టియుండిరి. కాని వారు చూచినది మెదడు దెబ్బతిన్న పెద్దవారిని. 1963లో అమెరికాలో శామ్యూల్ కర్క్ తల్లిదండ్రుల సభలో వాడిన ‘అభ్యసన వైకల్యము’ అను మాట లోకమున వ్యాపించినది. తొలుత లోపము చూపుదని తలచిరి. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరములతో జతపరచుటలోనే ముఖ్యమైన చిక్కున్నదని పిమ్మట తేలినది. మన దేశమున 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను పేర్కొనెను. దీనికి వానిలో చోటు లేదు. 2016 నాటి చట్టము పేర్కొనిన ఇరువదియొకటిలో చోటు దొరకెను. మోర్గన్ వ్రాసిన నూట ఇరువదియేండ్లకు!

రాష్ట్రేతరాంధ్ర బాలుని విషయమున నీ గుర్తింపు మరింత కష్టము. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. అది నేర్చిన హోసూరు బాలుడు ‘గాలి’ని ‘కాలి’ యని వ్రాసిన నది వైకల్యము కాదు, పొరుగు లిపి యలవాటు. ‘భాష’ను ‘బాష’ యనుట వైకల్యమే యైనచో ఆంధ్రదేశమున సగముమందికి వైద్యము చేయవలసివచ్చును. కన్నడ దేశపు బాలుడు ‘అర్క’ వంటి మాటలలో రేఫను తరువాతి అక్షరమునకు కుడివైపున గుర్తుగా నుంచును. కన్నడమునం దదియే నియమము. మన పాత అచ్చు పుస్తకములలోని వలపలగిలకయు నదియే. సంయుక్తాక్షరములు నాలుగైదు తరగతులవరకు కుదురుకొనుచునే యుండునని కన్నడ బాలురపై జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. తెలుగు లిపి కట్టడియు నట్టిదే. కావున మూడవ తరగతిలో ఒత్తులు తప్పినంతనే బెదరనక్కరలేదు. యానామున తెలుగే స్థానిక భాష గాన నీ చిక్కు స్వల్పము.

నిజమైన లోపము ఒక లిపిని విడిచి మరియొక లిపిని పట్టదు. రెంటను కనబడును. కథ చెప్పిన చక్కగా గ్రహించి తిరిగి చెప్పగలవాడు దానినే పుటలో చూచి కూడబలుకుకొనును. ‘పలక’లో ‘ప’ తీసివేసిన నేమి మిగులునని యడిగిన తడబడును. నిన్న చదివిన మాట నేడు కొత్తదగును. కన్ను, చెవి ముందుగా పరీక్షింపించవలెను. ఒక్కొక్క కుటుంబమున తండ్రికిని ఇట్టి యిబ్బంది యుండి యుండును. ఆయన దానిని చెప్పుకొనడు.

పరీక్ష యే భాషలో జరుగుననునది గొప్ప ప్రశ్న. 2015లో వెలువడిన ‘డాలీ’ పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్లములలోనే సిద్ధమయ్యెను. తెలుగింటి బాలుని వానికి సరిగా రాని భాషలో పరీక్షించి లోపమున్నదని తేల్చుట న్యాయము కాదు.

ఇందు మన భాషకును నష్టము పొంచియున్నది. 2016 చట్టమునందలి 17వ విభాగము పరీక్షలో అదనపు కాలమును, వ్రాయసకానిని ఇచ్చుటయే గాక, రెండవ మూడవ భాషల మినహాయింపునకును వీలు కల్పించెను. బాలునికి భారము తగ్గుట మంచిదే. కాని తమిళనాట 2006 చట్టముతో తమిళము తప్పనిసరి యైనందున, అచ్చట విడువవలసివచ్చునది తెలుగే యగును. నిజమైన లోపమున్న బిడ్డకు తెలుగు మాన్పించినంత మాత్రమున తమిళపుటక్షరము నిలువదు. లోపము లేని బిడ్డకు మాన్పించినచో ఇంటిలో అవ్వ వ్రాసిన జాబు చదువువాడుండడు. అందుచే ధ్రువపత్రము కోరుటకు ముందు తెలుగు ఉపాధ్యాయుడును, ప్రాంతీయ భాషోపాధ్యాయుడును ఆ బాలుని వ్రాతపుస్తకములను రెంటిని ఒకచోట పరచి, ఏ తప్పు ఏ లిపినుండి వచ్చెనో కలిసి చూడవలసియున్నది.