వానాకాలపు మజిలీలు

ఈ ఏడు ఆషాఢంలో అమెరికా నుంచి వచ్చిన చిన్ననాటి మిత్రుడొకడు నా మీద ఒక విచిత్రమైన బాధ్యత పెట్టాడు. అక్కడ వాళ్ళు ఇంటినే చక్రాల మీదికి ఎక్కించుకొని, జనం పెద్దగా తిరగని కాలం చూసుకొని దేశాటన చేస్తారట. అలాగే ఒక వ్యాను అద్దెకు తీసుకొని, అందులోనే వండుకు తిని అందులోనే పడుకుంటూ నల్లగొండ, పాలమూరు జిల్లాలు చుట్టి రావాలని అతని కోరిక. "గుళ్ళూ కోటలూ నేను చూసుకుంటాను. రాత్రిపూట బండి ఎక్కడ ఆపుకోవాలో అది మాత్రం నువ్వు చూడరా" అన్నాడు.

పని తేలికే అనుకున్నాను. పటం ముందేసుకొని కూర్చుంటే లాడ్జీలు కనబడ్డాయి, దాబాలు కనబడ్డాయి. సొంత పడక వెంట తెచ్చుకున్నవాడికి కావలసిన కాస్త చోటు మాత్రం ఎక్కడా కనబడలేదు. అప్పుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకు వచ్చారు. ఆయన పడక కూడా ఆయన వెంటే నడిచింది మరి!

వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట సుమారు వందమంది పరివారం, పల్లకి, బోయీలు, డేరాలు. దారిలో తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి వ్రాస్తూ వచ్చిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. దిగవల్లి వేంకటశివరావుగారి పరిష్కరణతో 1941లో మరల వెలువడింది. ఎండలు మండే రోజుల్లో బయలుదేరిన ఈ బిడారు, తొలకరి వేళకు కృష్ణ దాటి వనపర్తి, జడచర్లల మీదుగా హైదరాబాదు దారి పట్టింది. యతులు సైతం ప్రయాణాలు మాని చాతుర్మాస్యానికి ఒకచోట కుదురుకునే కాలం దగ్గర పడుతుండగా వంద మందితో మెట్టసీమ దాటడమంటే మాటలు కాదు.

ఆ పుస్తకాన్ని యాత్రాసాహిత్యంగా చాలామందిమి చదివాము. ఈసారి నేను కేవలం రాత్రి బసల కోసం చదివాను. ఊరూరికీ ఆయన చూసినవి దాదాపు అవే: నీటి వసతి ఉన్నదా, సరుకులు దొరికే అంగళ్ళు ఉన్నవా, దిగడానికి ఇల్లో సత్రమో ఉన్నదా, లేకపోతే డేరా వేయడానికి తగిన చోటున్నదా. దారి రాళ్ళదా, అడుసుదా అన్నదీ విడిచిపెట్టరు. ఎవరి ఏలుబడి, ఎవరికి ఎంత కట్టాలి అన్నది మరొక చింత. శ్రీశైల యాత్రికుల దగ్గర కందనూరు నవాబు తల పన్ను వసూలు చేసుకుంటున్న రోజులవి. నీళ్ళు, సరుకులు, ఆ నేల తాలూకు మనిషి ఒప్పుకోలు: ఈ మూడూ కుదిరితే అది మజిలీ. పైకప్పు సంగతి ఆ తరవాతే.

మజిలీ మన మాట కాదు, అరబ్బీ 'మంజిల్' నుంచి వచ్చింది. వచ్చాక మాత్రం పూర్తిగా మనదైంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీ దారిలో మజిలీకొక కథ చెప్పించారు. మనం ఇక్కడ వ్రాసుకునే టపాకూ దారితోనే చుట్టరికం. టపా అంటే మజిలీ మజిలీకీ మనిషి మారుతూ ఉత్తరాలు చేరవేసిన ఏర్పాటు.

ఈ రెండు జిల్లాలూ (2016లో ముక్కలై ఇప్పుడు చాలా జిల్లాలయ్యాయి, నేను పాత లెక్కే చెబుతున్నాను) ఎప్పుడూ దారిలో ఉన్న నేలలే. గోలకొండకూ మచిలీపట్నం రేవుకూ నడుమ బాట నల్లగొండ సీమ గుండానే పోయేది. 17వ శతాబ్దిలో టావెర్నియే, తెవెనో వంటి ఫ్రెంచి యాత్రికులు ఆ బాటన తిరిగారు. ఆ దారిలో హయాత్‌నగర్‌లో హయాత్‌బక్షీ బేగం పేరు మీదున్న మసీదు ఆవరణ చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదుల వరుసలు నేటికీ ఉన్నాయి. ఇటు పాలమూరులో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కవిపండితులకు విడిదులయ్యాయి. తిరుపతి వేంకటకవులు సైతం గద్వాల గడప తొక్కినవారే.

కవికి విడిది ఉండేది, వర్తకునికి సరాయి ఉండేది. దొరలు వచ్చాక అధికారికి డాకు బంగళా వచ్చింది. సత్రం అరుగు మీద కూడా కులం అడగకుండా చాప పరచని కాలమది. మిగిలినవారికి చెట్టే దిక్కు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సుమారు మూడెకరాల మేర ఊడలు దింపిన వృక్షం. చెదలు పట్టి కొమ్మలు కూలితే, 2018లో సెలైన్ సీసాలు కట్టి దానికి మందు ఎక్కించారు. ఎందరికో నీడనిచ్చిన చెట్టును అట్లా రోగిలా చూడడం నాకు కష్టమనిపించింది.

చెట్టూ లేనివారు తమ మజిలీని తామే కట్టుకున్నారు. వారే లంబాడీలు. మొగలు సేనలకూ, ఆ తరవాత నిజాము, ఇంగ్లీషు సేనలకూ ఎద్దుల మీద ధాన్యం చేరవేసినవారు వీరే. ఊళ్ళకు ఉప్పు తెచ్చినవారూ వీరే. తండా అంటే మొదట ఊరు కాదు, నడిచే బిడారు. వానలు పడితే బాటలు బురదై ఎద్దు కదలదు. కదలనక్కరా లేదు, పచ్చిక ఉన్నచోటే ఉంటుంది. అందుకని వానాకాలం నాలుగు నెలలూ నీరూ మేతా ఉన్నచోట దిగిపోయేవారు. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఎద్దుల వర్తకం పడిపోయాక వారి ప్రయాణం ఆగిపోయింది. ప్రయాణం పోయి దాని పేరు మాత్రం ఊరికి మిగిలింది. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట ప్రాంతాల్లో నేడు మనం చూసే తండాలను ఈ కంటితో చూస్తే వేరుగా కనిపిస్తాయి.

ఇంత చదువుకొని బయలుదేరినా మొదటి రాత్రే చిక్కు వచ్చింది. దేవరకొండ దాటి డిండి దారిలో పోతుండగా వాన పట్టుకుంది. ఒక పెట్రోలు బంకులో ఆపుకోనివ్వలేదు. ఒక బడి ఆవరణ గేటుకు తాళం ఉంది. చివరికి రోడ్డు పక్క తండాలో దీపం కనబడితే దిగి అడిగాము. పంచె ఎగగట్టిన పెద్దాయన ఒకరు గొడుగు వేసుకొని వచ్చారు.

"ఏడికెళ్ళి వస్తున్రు? ఎందరున్నరు?"

చెప్పాము.

"బోరు కాడ నీళ్ళున్నయి. ఆడ గట్టి నేల, బండి దిగబడదు. పొద్దుగాల పోండ్రి."

వీరాస్వామయ్యగారికి కావలసిన మూడింటిలో రెండు ఆ మాటల్లోనే ఉన్నాయి. మూడవది, అంగడి, పక్క వాకిట్లోనే ఉంది. పాలపొట్లం, బిస్కట్లు దొరికాయి. డబ్బు ఇవ్వబోతే బిస్కట్లకే తీసుకున్నారు, చోటుకు తీసుకోలేదు. కూర్చోబెట్టి మాట్లాడుతూ, "మా పోరగాడు పుణెల ఉన్నడు. బిల్డింగు పని. ఆడ వాళ్ళు గూడ గిట్లనే, ఏడ పని ఉంటె ఆడ పరదా కట్టుకొని పంటరు. వానకు ఏం తిప్పలు పడుతున్నడో" అన్నారు.

నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. మేము సరదాకు వెతికిన చోటును ఆయన కొడుకు బతుకుతెరువు కోసం వెతుకుతున్నాడు. పాలమూరు కూలీ అన్న మాట ఆనకట్టలు కట్టిన ప్రతిచోటా తెలిసినదే. గుంపుమేస్త్రి వెంట పోయి, కట్టే పని పక్కనే గుడిసె వేసుకొని, పని ముగియగానే అది విప్పుకొని పోయిన మనుషులు వాళ్ళు. వారి మజిలీల చరిత్రను ఏ వీరాస్వామయ్యా వ్రాయలేదు. ఈ దారుల్లో రాత్రి బసకు ఎదురు డబ్బు అందుకునేది నాకు తెలిసి ఒక్క గొర్రెలకాపరే. మందను తన చేలో పడుకోబెడితే ఎరువు మిగులుతుంది గనుక రైతే అతనికి గింజలో డబ్బో ఇస్తాడు.

తెల్లవారి వాన వెలిసింది. ఆ ఊరి పంచాయతీ గోడ మీద కొత్త పేరు చూశాను. 2018లో తెలంగాణలో ఎన్నో తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. వాటిలో అదీ ఒకటి. ఒకనాటి వానాకాలపు విడిదికి ఇప్పుడు సర్పంచి ఉన్నారు.

మిత్రునికి నేను తయారుచేసి ఇచ్చిన జాబితాలో చివరికి చోట్ల పేర్లు ఏమీ లేవు. చీకటి పడకముందే ఆగు, నీరు చూసుకో, నేల గట్టిదో కాదో చూసుకో, ఎవరినైనా అడిగి ఆపుకో అని నాలుగు మాటలు మాత్రం వ్రాశాను. తండా పేరు అడిగాడు గాని నేను వ్రాయలేదు. ఆ పెద్దాయన చోటిచ్చింది మాకు, పటానికి కాదు గదా.