లైవ్ లూపింగ్‌లో పిచ్ షిఫ్టింగ్‌తో హార్మొనీ

వేదిక మీద ఒక్కరే ఉండి, వాయించిన ముక్కను అక్కడికక్కడే రికార్డు చేసి, అది తిరిగి తిరిగి మోగుతుండగా దాని మీద మరో వరుస, ఆపైన ఇంకో వరుస పేర్చుకుంటూ పోవడాన్ని లైవ్ లూపింగ్ అంటారు. వాయించిన స్వరాన్ని యంత్రంతో పైకో కిందికో జరపడం పిచ్ షిఫ్టింగ్. ఈ రెండూ కలిస్తే ఒక్క గిటారుతోనే బేస్ వరుసనూ, ఒక్క గొంతుతోనే బృందగానాన్నీ శ్రోతల ఎదుటే కట్టవచ్చు. అయితే షిఫ్టర్‌కు తెలిసింది స్వరాల మధ్య దూరం మాత్రమే. ఏ దూరం ఏ పాటకు ఒప్పుతుందో కళాకారుడే ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకసారి లూప్‌లోకి ఎక్కిన అపస్వరం ప్రతి చుట్టులోనూ మళ్లీ వినబడుతుంది.

నేపథ్యం

1970ల తొలినాళ్లలో రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో రెండు రీవాక్స్ టేప్ రికార్డర్లను పక్కపక్కన పెట్టి, ఒకే టేపును మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి నడిపారు. మొదటిది రికార్డు చేసినదాన్ని కొన్ని సెకన్ల తర్వాత రెండోది వినిపించేది. ఆ ధ్వనిని మళ్లీ మొదటిదానికే పంపేవారు. టేపు మీద స్వరం మార్చాలంటే వేగం మార్చాల్సిందే. వేగం సగానికి తగ్గిస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది, నిడివి మాత్రం రెట్టింపవుతుంది. టోనీ ఆగ్నెల్లో రూపొందించగా 1975లో మార్కెట్లోకి వచ్చిన ఈవెంటైడ్ హెచ్910 హార్మొనైజర్ ఈ ముడిని విప్పింది: నిడివి మారకుండా స్వరం ఒక్కటే మారింది. కాలితో నడిపే డిజిటెక్ వామీ పెడల్ 1989లో వచ్చింది. 1999 నాటి లైన్ 6 డీఎల్4 పెడల్‌లోని లూపర్ మాత్రం అర వేగం మీటతో పాత టేపు గుణాన్నే నిలుపుకుంది. చాలామంది వాద్యకారులు ఆ గుణం కోసమే దాన్ని వాడారు.

పనిచేసే తీరు

షిఫ్టర్ ధ్వనిని చిన్న జ్ఞాపకంలో దాచి, దాన్ని వేగంగానో నెమ్మదిగానో చదువుతుంది. వేగంగా చదివితే స్వరం పెరుగుతుంది, కానీ దాచినది త్వరగా అయిపోతుంది. అందుకని కొన్ని తునకలను మళ్లీ చదివి అతుకుతుంది. నెమ్మదిగా చదివేటప్పుడు కొన్ని తునకలను వదిలేస్తుంది. అతుకు సరిగ్గా కుదరకపోతే గరగర వినిపిస్తుంది. పౌనఃపున్యాన్ని సుమారు 1.0595తో గుణిస్తే స్వరం ఒక సెమిటోన్ పెరుగుతుంది. అలా 12 సార్లు చేస్తే పై స్థాయి షడ్జమం.

అతుకు కుదరాలంటే స్వరం ఒక కంపనానికి ఎంత సమయం తీసుకుంటుందో యంత్రం కనిపెట్టాలి. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంటే ఒక కంపనానికి దాదాపు 12 మిల్లీసెకన్లు. కనీసం రెండు కంపనాలు చూడాలన్నా 24 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో 8 మీటర్లు ప్రయాణిస్తుంది. మామూలు కచేరీలో ఈ ఆలస్యాన్ని చెవి సర్దుకుంటుంది, లూప్‌లో మాత్రం అది తాళం పక్కనే స్థిరపడిపోతుంది. అందుకే బేస్ వరుసను సన్న తీగల మీద వాయించి రెండు స్థాయిలు దించడం మేలు. ఎత్తు స్వరాన్ని యంత్రం త్వరగా పోల్చుకుంటుంది. పాత షిఫ్టర్లు చాలావరకు ఒక్క స్వరాన్నే పట్టుకోగలవు, కార్డ్ (ఒకేసారి మోగే పలు స్వరాలు) వాయిస్తే తడబడతాయి. 2005లో ఎలక్ట్రో హార్మొనిక్స్ తెచ్చిన పాగ్ పెడల్ కార్డుల స్థాయిని కూడా శుభ్రంగా మార్చింది.

పెడళ్ల వరుస

షిఫ్టర్‌ను లూపర్‌కు ముందు పెడితే మారిన ధ్వనే రికార్డవుతుంది. ఆ తర్వాత షిఫ్టర్ ఆపేసినా ఆ పొర అలాగే ఉంటుంది, తర్వాతి పొరను అసలు ధ్వనితో వాయించుకోవచ్చు. వెనక పెడితే తాళం, బేస్, పాట అన్నీ కట్టకట్టుకుని ఒకేసారి జరుగుతాయి. పాట మొత్తాన్ని వేరే శ్రుతికి మార్చడానికి అది పనికొస్తుంది గానీ, హార్మొనీ కట్టాలంటే షిఫ్టర్ ముందుండాల్సిందే. 2013లో వచ్చిన బాస్ ఆర్‌సీ-505 లూపర్‌లో ఐదు ట్రాకులు ఉన్నాయి. లోపలికి వచ్చే ధ్వనికి ఒక రకం ఎఫెక్టులు, రికార్డయిన ట్రాకుకు మరో రకం ఎఫెక్టులు విడివిడిగా పెట్టుకోవచ్చు.

గిటారుతో పని ఇలా సాగుతుంది. ముందు గిటారు చెక్కను తట్టి తాళం రికార్డు చేస్తారు. తర్వాత షిఫ్టర్‌ను కింది స్థాయికి పెట్టి, మిక్స్ నాబ్‌ను పూర్తిగా తిప్పి అసలు ధ్వని వినబడకుండా చేసి, ఒక్కొక్క స్వరంగా బేస్ మీటుతారు. షిఫ్టర్ ఆపి కార్డులు వాయిస్తారు. చివరగా పాట వరుస ఎత్తుకున్నప్పుడే తోడు స్వరాన్ని అసలుకంటే తక్కువ మోతాదులో కలుపుతారు. ఇక్కడ పొదుపు చాలా అవసరం: ఒక్కో పొరకు రెండేసి తోడు స్వరాలు కలిపితే మూడు పొరలకే తొమ్మిది స్వరాలు పోగుపడతాయి, పాట వాటి కింద నలిగిపోతుంది.

దూరం ఎంచుకోవడం

షిఫ్టర్లు ప్రధానంగా రెండు రకాలు. స్థిర దూరం పాటించేవి ప్రతి స్వరాన్నీ అన్నే సెమిటోన్లు జరుపుతాయి. స్కేలు తెలిసినవి ఆ స్కేలులోని స్వరాలకే జరుపుతాయి. మోహన రాగంతో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దానివి స, చతుశ్రుతి రి, అంతర గ, ప, చతుశ్రుతి ధ. వీటిని స్థిరంగా నాలుగు సెమిటోన్లు పైకి జరిపితే స ఒక్కటే రాగంలో మిగులుతుంది, అది గాంధారం మీద పడుతుంది. రి ప్రతి మధ్యమానికి, గ శుద్ధ ధైవతానికి, ప కాకలి నిషాదానికి, ధ శుద్ధ రిషభానికి పోతాయి. మేజర్ స్కేలు, అంటే శంకరాభరణం స్వరాలు పెట్టి మూడో స్వరం అడిగితే కొంత నయం: రి మధ్యమానికి, ప నిషాదానికి పోతాయి, మిగతా మూడూ నిలుస్తాయి. అన్నిటికంటే తేలికైన దారి పంచమం. స్థిరంగా ఏడు సెమిటోన్లు జరిపితే గాంధారం ఒక్కటే నిషాదంగా దారి తప్పుతుంది. ఆ ఒక్క స్వరం దగ్గర కాలితో షిఫ్టర్ ఆపేస్తే చాలు.

పంచమానికి మరో అందమైన గుణం ఉంది. షిఫ్టర్‌ను లూప్ చక్రం లోపల పెట్టి, ధ్వని తిరిగొచ్చిన ప్రతిసారీ పంచమం పెరిగేలా చేస్తే, షడ్జమంతో మొదలై ప, రి, ధ, గ వరుసగా వస్తాయి. సరిగ్గా మోహన స్వరాలే. ఐదో చుట్టుకు నిషాదం వస్తుంది, కాబట్టి అంతకుముందే ఆపాలి.

తంబురా మోగుతుంటే ఇంకో జాగ్రత్త కావాలి. యంత్రం నాలుగు సెమిటోన్లకు 400 సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు) లెక్కేస్తుంది. తంబురా నాదంలో వినిపించే గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా చెవికి గుచ్చుకుంటుంది. పంచమంలో తేడా రెండు సెంట్లే.

గొంతు, గమకం

గొంతును పైకి జరిపితే స్వరంతో పాటు నోరు, గొంతు గుహల వల్ల పుట్టే అనునాదాలూ జరిగి, పెద్దవాళ్ల గొంతు పసిగొంతులా మారుతుంది. ఆ అనునాదాలను కదలకుండా ఉంచే పరికరాలు గాయకుల కోసం ప్రత్యేకంగా వచ్చాయి. ఇమోజెన్ హీప్ 2005 నాటి ‘హైడ్ అండ్ సీక్’లో కీబోర్డు మెట్లే తోడు గొంతుల స్వరాలను నిర్ణయించాయి. జేకబ్ కాలియర్ తన ఒంటరి ప్రదర్శనల కోసం అప్పట్లో ఎంఐటీలో ఉన్న బెన్ బ్లూమ్‌బర్గ్‌తో కలిసి ఇలాంటి హార్మొనైజర్‌ను తయారుచేయించుకున్నాడు. మెట్టు నొక్కితేనే తోడు స్వరం పలుకుతుంది కాబట్టి, ఈ పద్ధతిలో యంత్రం ఊహించేది తక్కువ, కళాకారుడు నిర్ణయించేది ఎక్కువ.

స్కేలు తెలిసిన షిఫ్టర్‌కు గమకం ఒక పట్టాన అర్థం కాదు. వీణ మీద తీగ లాగినప్పుడు స్వరం మెట్ల మధ్య జారుతుంటే, అది దగ్గరి మెట్టు ఏదో వెతుకుతూ గంతులు వేస్తుంది. స్థిర దూరం షిఫ్టర్ ఆ జారును జారుగానే అనుసరిస్తుంది. కాబట్టి గమకం నిండిన సంగతులకు స్థిరమైన స్థాయి లేదా పంచమం, మెట్టు మెట్టుగా సాగే పాశ్చాత్య వరుసలకు స్కేలు తెలిసిన హార్మొనీ వాడతారు.